కీమో అయ్యాక సేవకని విదేశం పోవాలంటే ఏది మేలు: పోఖరానా, ఉగాండానా?

నాకు లింఫోమా (లింఫు గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్) వచ్చి తగ్గింది. ఆరు నెలల పాటు, పదిహేను రోజులకోసారి, అనంతపురం నుంచి తెల్లవారుజాము బస్సుకు బెంగళూరు పోయి కీమో ఎక్కించుకుని వచ్చేవాణ్ణి, మొత్తం 12 సార్లు. అది ముగిసి 14 నెలలైంది. నేను లెక్కల టీచర్ని. ఇప్పుడు నా ముందు రెండు అవకాశాలున్నాయి. నేపాల్‌లోని పోఖరాలో మూడు వారాలు బడిపిల్లలకు లెక్కలు చెప్పడం, లేదంటే ఉత్తర ఉగాండాలో గులూ అనే పట్నం అవతల ఒక పల్లెలో రెండు నెలలు అదే పని. రెండూ స్వచ్ఛంద సంస్థల తరఫునే, రెండింటికీ టికెట్ ఖర్చు మనదే.

మా అక్కయితే రెండూ వద్దంది. “ఏడాది పొడుగునా మేము నీకు జావ కాచి పోసినాము, ఇంగ నువ్వు దేశంకాని దేశం పోయి ఎవురికి కాచి పోస్తావురా?” అని. అంత చేయాలనుంటే బత్తలపల్లిలో ఆర్డీటీ అనే సేవాసంస్థ ఆసుపత్రి దాకా పోతే చాలదా అనేది ఆమె వాదన, తీసిపారేసేది కూడా కాదు. కానీ ఆ సంస్థ పెట్టిన స్పెయిన్ దేశస్తుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో మన జిల్లాకొచ్చి 2009లో ఇక్కడే కన్నుమూశారు, స్పెయిన్ నుంచి ఆర్డీటీకి వచ్చిపోయేవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం మనం. వాళ్లు అంత దూరం నుంచి మనకోసం వస్తే మనమూ ఒకసారి ఎక్కడికైనా పోకూడదా అని నాకు చిన్నప్పటి నుంచీ ఉంది, జబ్బు తర్వాత అది ఇంకా ముదిరింది.

పని మాత్రమే చూస్తే ఉగాండానే మేలు. రెండు నెలలంటే పిల్లలకు భిన్నాలైనా వంటబట్టించి రావచ్చు, అక్కడ బడిలో ఇంగ్లీషు నడుస్తుంది. పోఖరాలో మూడు వారాలంటే పిల్లల పేర్లు నోటికొచ్చేసరికి సంచి సర్దుకోవాలి, పైగా నా హిందీ సంగతి అడగొద్దు.

ఇక ఒంటి సంగతి. ఉగాండాలో అడుగు పెట్టాలంటే, దోమలతో వచ్చే ఎల్లో ఫీవర్ జ్వరానికి టీకా వేసుకున్నట్టు కార్డు కావాలి. ఈ టీకాలో ఉండేది బతికున్న వైరస్సే, బలహీనపరిచి ఇస్తారు. మామూలుగా దాంతో పెద్ద ఇబ్బంది ఉండదు గానీ, కీమోతో రోగనిరోధక శక్తి దెబ్బతిన్నవాళ్లకు ఆ టీకానే జబ్బయి కూర్చోవచ్చు. కీమో తర్వాత కనీసం మూడు నెలలు ఆగాలంటారు, అయితే నెలలు లెక్కపెట్టుకుని మనమే పోయి పొడిపించుకునేది కాదిది, మన క్యాన్సర్ డాక్టరు చూసి సరే అనాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) లాంటి, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. వేసిన పది రోజులకు కార్డు చెల్లుబాటవుతుంది, ఆ తర్వాత జన్మంతా పనికొస్తుంది. టీకా పడనివాళ్లకు డాక్టరు రాసిచ్చే మినహాయింపు పత్రం కూడా ఉంది గానీ దోమ ఆ పత్రం చదవదు కదా. తిరిగొచ్చేటప్పుడు సరైన కార్డు లేకపోతే మన దేశంలో దిగగానే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు, అదొకటి.

మలేరియా అక్కడ ఏడాది పొడుగునా ఉంటుంది. ముందునుంచే మాత్రలు వేసుకోవచ్చు, దోమతెర కట్టుకోవచ్చు, కానీ కీమో దాటినవాళ్లకు జ్వరమంటే ఎంత టెన్షనో మీకు తెలుసు: మలేరియానా, వేరే ఇన్ఫెక్షనా, లేక పాతదే మళ్లీ వచ్చిందా? చికిత్సలో ప్లీహం (స్ప్లీన్) తీసేసినవాళ్లయితే ఉగాండా ఆలోచనే పెట్టుకోకండి, వాళ్లకు మలేరియా బాగా ముదిరే ప్రమాదం ఉంది.

నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టో, ఓటరు కార్డో చాలు, విమానంలో పోయే నా వయసువాళ్లకు ఆధార్ మాత్రం చెల్లదు. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాలు వేసుకుంటే మంచిదన్నారు. ఇక్కడ ఒక తిరకాసుంది: మన దేశంలో హెపటైటిస్-ఎ టీకా బతికున్న వైరస్‌ది, చంపినది, రెండు రకాలూ దొరుకుతాయి. మనకు చంపినదే కావాలి, అడిగి మరీ వేయించుకోండి.

నేపాల్ అంటే అందరూ ఎవరెస్టు అనుకుంటారు. పోఖరా ఎత్తు దాదాపు 800 మీటర్లే, బెంగళూరు కంటే తక్కువ. భయమంతా సెలవు రోజున అందరూ కలిసి పోయే ముస్తాంగ్ ట్రిప్పుతో. అక్కడి జోమ్‌సోమ్ ఊరు 2,700 మీటర్ల ఎత్తున ఉంటుంది, 2,500 దాటితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఎత్తు పడకపోవచ్చు. నాకిచ్చిన మందుల్లో బ్లియోమైసిన్ ఒకటి, అది ఊపిరితిత్తులను దెబ్బతీసే రకం. ఊపిరితిత్తుల పరీక్ష రిపోర్టు బాగానే వచ్చింది. అయినా మనసొప్పక ఒక ఆదివారం పొద్దున ఆరు కిలోల బ్యాగు వీపున వేసుకుని గుత్తి కోట ఎక్కాను. మూడో ద్వారం దాటేసరికి మోకాళ్లు వణికాయి, చొక్కా తడిసి బ్యాగుకు అంటుకుపోయింది, ఒక బండ మీద కూలబడ్డాను. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన నిలబడి చూసి, “ఏం సార్, కూచుండిపోతిరి? ఇంగా పైకి శానా ఉంది” అన్నాడు. పైదాకా పోలేదు, దిగొచ్చేశాను.

ఇన్సూరెన్సు రెండు చోట్లకూ ఒకటే తలనొప్పి. “ఫారంలో పాత జబ్బు రాయకండి సార్, ఎవరు చూస్తారు?” అన్నాడొక ఏజెంటు. చూసేది క్లెయిము రోజున. రాసి, కాస్త ఎక్కువ కట్టి, ఆ జబ్బుకు ఏ పరిస్థితిలో డబ్బిస్తారో మెయిల్‌లో రాయించుకోండి.

చివరికి నేను చూసుకున్నది ఒక్కటే. అర్ధరాత్రి 100.4 దాటి జ్వరం వస్తే రక్తం తీసి, వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించే ఆసుపత్రి ఎంత దూరం? పోఖరాలో మణిపాల్ టీచింగ్ హాస్పిటల్ ఊళ్లోనే ఉంది. ఆ పల్లె నుంచి గులూకు మట్టిరోడ్డున మూడు గంటలు, వాన పడితే చెప్పలేమని ఉగాండా సంస్థవాళ్లే దాచకుండా చెప్పారు. గులూలో లాకోర్ ఆసుపత్రి పెద్దదే, కానీ ఆ దేశపు ప్రధాన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది రాజధాని కంపాలాలో, గులూ నుంచి మరో 330 కిలోమీటర్లు. ఆ పల్లెకంతా ఉన్నది ఒకటే జీపట. అది నన్నెక్కించుకుని పోయిన రాత్రే అక్కడ ఎవరికైనా నొప్పులొస్తే? సాయానికని పోయి వాళ్ల బండి నేనెక్కి కూర్చోవడం నాకు నచ్చలేదు.

కాబట్టి ఈసారికి పోఖరా. ముస్తాంగ్ ట్రిప్పుకు రానని ముందే చెప్పేశాను. ఉగాండావాళ్లకు మాత్రం కుదరదని రాయలేదు, ఫిబ్రవరిలో గుత్తి కోట ఇంకోసారి ఎక్కి చూసి చెబుతానని రాశాను.