సముద్రం పక్కన బుల్లెట్ ఇంజిన్: ఆరేళ్లలో ఏ పూత నిలిచింది, ఏది ఊడింది

మా ఇల్లు విశాఖ పెదవాల్తేరులో. డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. గొప్పకి చెప్పడం లేదు, ఆ గాలికి ఇనుము ఎన్నాళ్లు నిలుస్తుందో ఇక్కడ బండి ఉన్నవాళ్లకి తెలుసు.

బండి నాన్నగారిది, 1998 బుల్లెట్ 350. పోత ఇనుము బోరు (పిస్టన్ ఆడే సిలిండరు), దాని మీద అల్యూమినియం హెడ్డు, కింద ఇంజిన్‌ని మూసి ఉంచే అల్యూమినియం కేసులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు షెడ్డు రేకులు ఎగిరిపోయి బండంతా ఉప్పునీటిలో నానింది. ఇంటి రిపేర్ల గొడవలో దాని సంగతి ఎవరికీ పట్టలేదు. 2019 వేసవిలో బయటికి లాగేసరికి బోరు రెక్కల మీద తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. కేసుల మీదేమో సున్నం కొట్టినట్టు తెల్లటి బూడిద. గోటితో గీకితే పొడి రాలింది, కింద ఆవగింజంత గుంటలు. అల్యూమినియం తన మీద తానే ఒక సన్నని పొర కట్టుకుని కాపాడుకుంటుంది, కానీ ఉప్పు ఆ పొరని అక్కడక్కడా పొడిచి లోపలికి తినేస్తుంది. గుంట పడ్డాక ఏ పూతా దాన్ని పూడ్చదు.

గాజువాక ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్ చూసి, "ఏటి బాబూ, దీన్ని సముద్రంలోంచి తీసేరా?" అన్నాడు. ఎలాగూ బోరు, బేరింగులు చూడాలి కాబట్టి ఇంజిన్ మొత్తం విప్పించాను. అప్పుడే ఒక పిచ్చి ఆలోచన వచ్చింది: ఒక్కో ముక్కకి ఒక్కో రకం పూత వేసి చూద్దామని. బోరుకి వేడి తట్టుకునే నల్ల స్ప్రే, ఎడమవైపు క్లచ్ కవరుకి పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి ఓవెన్‌లో కరిగించే పూత), కుడివైపు టైమింగ్ కవరుకి బఫింగ్ (మెరిసేలా సాన పట్టడం) చేసి పైన క్లియర్ లక్క, గేరు బాక్సు కవరుకి ఉత్త బఫింగ్ మాత్రమే.

ముందు బోరు. వైర్ బ్రష్ కొట్టి, రెక్కల మధ్య ఎమరీ పేపరు మడత పెట్టి లాగి, డీజిలుతో కడిగి, సబ్బునీళ్లతో మళ్లీ కడిగాను. బూడిదరంగులో శుభ్రంగా వచ్చింది. టీ తాగి వచ్చేసరికి రెక్కల అంచులు నారింజ రంగు తిరిగాయి. అరగంట కూడా కాలేదు! విశాఖలో కడిగిన పోత ఇనుము మన కోసం ఆగదు. రెండోసారి కడగగానే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, థిన్నర్ గుడ్డతో తుడిచి, చెయ్యి తగలనివ్వకుండా వెంటనే స్ప్రే కొట్టాను. పల్చగా మూడు పూతలు. దట్టంగా కొడితే వేడికి పగులుతుంది, పైగా రెక్కలు చల్లబడాల్సిన పని చెడుతుంది. హెడ్డు, కేసు కూర్చునే ముఖాలకి టేపు అంటించాను.

ఆ పెయింటు ఆరినట్టు కనిపిస్తుంది గానీ కాలితేనే గట్టిపడుతుంది. నేను తొందరపడి అలాగే బిగించేశాను. మొదటి వారంలోనే బంకులో ట్యాంకు పొంగి పెట్రోలు బోరు మీదికి కారింది, కారిన దారంతా పెయింటు కన్నీటి చారలా కరిగిపోయింది. మళ్లీ విప్పి, గీకి, కొట్టి, ఈసారి పౌడర్ కోటింగ్ షాపు ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర కాల్చి తెచ్చాను. అప్పటి నుంచి ఆరేళ్లలో పెట్రోలు ఎన్నిసార్లు కారిందో లెక్కలేదు, చార పడలేదు. రెక్కల అంచుల్లో ఏడాదికోసారి చిన్న చిన్న తుప్పు చుక్కలు వస్తాయి. ఆదివారం పూట ఎమరీతో రుద్ది అక్కడ మాత్రం కొడతాను, ఆ వారం ఇంజిన్ వేడికే కాలిపోతుంది. పది నిమిషాల పని.

పౌడర్ కోటింగ్ మొదటి రోజు చూస్తే మనసు నిండిపోయింది. అద్దంలా నల్లగా. తెచ్చి బిగిస్తే ఆయిలు కారడం మొదలైంది. ఈ బండికి క్లచ్ కవరు మొత్తం మధ్యలో ఉన్న ఒక్క నట్టు మీదే నిలుస్తుంది, చుట్టూ రబ్బరు ప్యాకింగ్. షాపువాళ్లు ప్యాకింగ్ కూర్చునే గాడిలోనూ, నట్టు కిందా పౌడర్ వేసేశారు. నట్టు బిగిస్తే కింద పౌడర్ నలిగి వదులవుతోంది. రెండు రోజులు కూర్చుని బ్లేడుతో గీకాను. ఇచ్చే ముందే టేపు నేనే వేసి, వద్దన్న చోట మార్కరుతో రాసి ఇవ్వాల్సింది, తప్పు నాదే.

రెండో ఏడాది కవరు కింది భాగంలో బొబ్బలు వచ్చాయి. పాత పోత అల్యూమినియం సన్నని రంధ్రాల్లో ఆయిలు పీల్చుకుని ఉంటుంది. ఓవెన్‌లో వేడికి అది బయటికొస్తే పౌడర్ కింద బుడగ మిగులుతుంది. పౌడర్ వేసే ముందు ఉత్త కవరుని ఒకసారి ఓవెన్‌లో పెట్టి ఆ ఆయిలు కక్కించాలట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. బ్రేకు పెడలు దగ్గర బూటు రాసుకున్న చోట చిన్న పెచ్చు ఊడింది. అక్కడి నుంచి ఉప్పు దూరి, పైన మెరుస్తూనే లోపల తెల్లగా తినుకుంటూ పోయింది. పౌడర్‌తో బాధ ఇదే: పెచ్చు ఊడితే ఇంట్లో చేసేది ఏమీ లేదు, మొత్తం గీకించి మళ్లీ ఓవెన్ ఎక్కించాల్సిందే.

లక్క సంగతి చెప్పాలంటే సిగ్గు. రెండో వానాకాలం దాటకుండానే టైమింగ్ కవరు మీద లక్క కింద సన్నని తెల్ల గీతలు, పురుగు పాకినట్టు. పైన గుడ్డతో తుడిస్తే పోవు, లోపల ఉన్నాయి కదా. దానికి తోడు షోకుకి స్టీలు అలన్ బోల్టులు వేశాను. ఉప్పు తేమలో స్టీలూ అల్యూమినియమూ ఒకదానికొకటి ఆనుకుంటే తినేది అల్యూమినియమే. ఒక బోల్టు లోపలే పట్టేసింది, లేత్ వాళ్ల దగ్గర తీయించాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రతి బోల్టుకీ గ్రీజు రాసే బిగిస్తున్నాను. లక్క మొత్తం థిన్నర్‌తో తుడిచేశాను.

ఏ పూతా వేయని గేరు బాక్సు కవరే అన్నిటికంటే బాగుంది, నమ్మండి. నెలకోసారి మెటల్ పాలిష్, పైన కొంచెం వ్యాక్స్. వానలో తిరిగొస్తే మంచినీళ్లు పోసి తుడవడం. మసకబారుతుంది, రుద్దితే వచ్చేస్తుంది. తుడవడానికి ఓపిక లేనివాళ్లకి, బండి నెలల తరబడి ఆగిపోయేవాళ్లకి ఇది పనికిరాదు. వాళ్లు పౌడరే వేయించుకోండి, కాకపోతే టేపు వేసేటప్పుడు దగ్గరుండండి. ఇంకొకటి, పాత పెయింటు ఊడదీయడానికి కాస్టిక్ సోడా వాడమని ఎవరైనా సలహా ఇస్తే ఇనుప బోరుకి మాత్రమే వినండి. అల్యూమినియం అందులో వేస్తే బుసబుసమని పొంగి కరిగిపోతుంది.

దసరాకి క్లచ్ కవరు మళ్లీ విప్పుతున్నాను. పౌడర్ గీకించి దాన్నీ ఉత్త బఫింగ్‌లోనే ఉంచుతాను. ఎంత అవుతుందని బఫింగ్ అతన్ని అడిగితే, గుంటలు ఎన్నున్నాయో చూడందే చెప్పలేను, కవరు పట్టుకురమ్మన్నాడు.