మొదటి పాస్ ట్రెక్‌కి హంప్తానా, రూపినా: ఏది మేలు?

హిమాలయాల్లో తొలిసారి ఒక పాస్ (కొండల మధ్య కనుమ) దాటాలనుకునే మనవాళ్లు చాలామంది ఈ రెండింటి దగ్గరే ఆగిపోతారు. హంప్తా ఎత్తు సుమారు 4,270 మీటర్లు, అంటే 14,000 అడుగులు. రూపిన్ 4,650 మీటర్లు, 15,250 అడుగులు. హంప్తా నాలుగైదు రోజుల్లో అయిపోతుంది, రూపిన్‌కి వారం పైనే పడుతుంది. ఈ అంకెలు చూసి హంప్తా సులువని, రూపిన్ కష్టమని తేల్చేస్తారు. నడక మటుకు చూస్తే అది నిజమే. ఎత్తు సంగతికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది, ఎందుకంటే ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేది రోజూ రాత్రి ఎక్కడ పడుకున్నామన్న దాన్ని బట్టి.

3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఒక రాత్రికీ మరో రాత్రికీ మధ్య 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి అక్కడే ఆగి విశ్రాంతి తీసుకోవాలని వైద్యులు చెబుతారు. ఇప్పుడు హంప్తా చూడండి. హైదరాబాద్ ఉన్నదే 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో. ఢిల్లీకి ఫ్లైట్, అక్కణ్ణుంచి రాత్రంతా బస్సు, పొద్దున్నే మనాలి (2,050 మీటర్లు). చాలామంది ఆ రోజే జీపెక్కి జోబ్రా చేరి, అక్కణ్ణుంచి నడిచి చికాలో పడుకుంటారు. అది దాదాపు 3,100 మీటర్లు. మర్నాడు రాత్రి బాలూ కా ఘేరా, 3,600. ఆ మర్నాడు పాస్ దాటి షియా గోరులో, 3,900 దగ్గర. మొన్నటిదాకా కూకట్‌పల్లిలో ఉన్న ఒంటికి ఇది చాలా వేగం.

రూపిన్ అలా పరిగెత్తించదు. ఉత్తరాఖండ్‌లోని ధౌలా దగ్గర 1,550 మీటర్లలో మొదలై సేవా, కొండ అంచున వేలాడుతున్నట్టుండే జాఖా ఊళ్ల మీదుగా నది వెంబడి నెమ్మదిగా పైకి తీసుకెళ్తుంది. 3,000 దాటేసరికే మూడు రోజుల నడక అవుతుంది. జలపాతం కింద ఉండే ధందేరాస్ థాచ్ అనే పచ్చిక మైదానంలో, 3,550 మీటర్ల దగ్గర, చాలా బృందాలు ఒక రోజు ఆగుతాయి. ఎక్కువ ఎత్తున్న పాసే ఒంటికి ఎక్కువ టైమిస్తోందన్నమాట.

జిమ్‌కి వెళ్తున్నాం, పది కిలోమీటర్లు పరిగెడుతున్నాం కాబట్టి మనకేమీ కాదనుకోవద్దు. ఎత్తు జబ్బుకి, అంటే పైన ఆక్సిజన్ తగ్గి వచ్చే అనారోగ్యానికి, ఫిట్‌నెస్ అడ్డు కాదు. పైగా ఫిట్‌గా ఉన్నవాళ్లే లక్షణాలు దాస్తారు. బాలూ కా ఘేరాలో రాత్రి వేడివేడి రాజ్మా చావల్ ప్లేటు పక్కన పెట్టేసి, కణతలు నొక్కుకుంటూ "ఏం లేదన్నా, కొంచెం గ్యాస్ ప్రాబ్లం" అనే కుర్రాడు దాదాపు ప్రతి బృందంలోనూ ఉంటాడు. ఆ ఎత్తులో తలనొప్పి, దానికి తోడు ఆకలి చచ్చిపోవడమంటే గ్యాస్ అనుకోకుండా వెంటనే గైడ్‌కి చెప్పాలి. తగ్గేదాకా పైకి అడుగు వేయకూడదు. నడక తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తీరకపోయినా రాత్రని చూడకుండా కిందికి దించేయాలి. ఎత్తు జబ్బు రాకుండా డయామాక్స్ అనే మాత్ర ముందు జాగ్రత్తగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇవ్వడం మామూలే. కానీ సల్ఫా మందులు పడనివాళ్లున్నారు, కిడ్నీ సమస్యలున్నవాళ్లున్నారు. డాక్టర్‌ని అడక్కుండా పక్క టెంట్‌వాళ్లిచ్చిన మాత్ర వేసుకోవద్దు.

కాళ్ల శ్రమ సంగతికొస్తే రూపినే ఎక్కువ కష్టం. మొత్తం యాభై కిలోమీటర్ల పైనే నడవాలి, హంప్తాలో అందులో సగం. రూపిన్ చివర్లో, పాస్‌కి కాస్త కింద, నిటారుగా మంచు నిండిన ఇరుకు సందు ఉంటుంది. ఎండెక్కితే మంచు మెత్తబడి కాలు దిగబడుతుందని చీకటితోనే బయల్దేరతారు. గైడ్ బూటు ముక్కుతో మంచును తన్ని చేసిన గుంటలోనే మన కాలు పెట్టాలి, అది కుదురుకున్నాకే రెండోది ఎత్తాలి. కాళ్లకు మైక్రోస్పైక్స్ (మంచులో జారకుండా బూట్లకు తొడిగే ఇనుప ముళ్లు) ఉన్నా గుండె దడదడలాడుతుంది. జూన్‌లో అయితే హంప్తాలోనూ మంచు ఉంటుంది, షియా గోరు వైపు దిగుడు బాగా వాలు. అయినా ఈ సందుతో దానికి పోలిక లేదు.

దిగడం గురించి మనవాళ్లు అసలు ఆలోచించరు. రూపిన్ దాటాక హిమాచల్‌లోని కిన్నౌర్ జిల్లా సాంగ్లాకి చేరేసరికి రెండు రోజుల్లో దాదాపు 2,000 మీటర్లు దిగుతాం. మోకాళ్లు పట్టేసేది అక్కడే. అలిపిరి మెట్లు 3,550, శ్రీవారి మెట్టు 2,388. ట్రెక్ ప్రాక్టీసుకి మనకున్నంత మంచి చోటు ఇంకెవరికుంది? కానీ ఎక్కి దర్శనం చేసుకుని బస్సులో దిగిపోతే సగం ప్రాక్టీసే అయినట్టు. హైదరాబాద్‌లో మౌలాలి గుట్ట మెట్లయినా, మీ అపార్ట్‌మెంట్ మెట్లయినా, వీపున ఏడెనిమిది కిలోల బ్యాగుతో ఎక్కినన్నిసార్లూ నడిచే దిగండి. హంప్తాకి రెండు నెలలు ఇలా చేస్తే చాలు. రూపిన్‌కి మూడు నెలలకు తగ్గకూడదు, వారానికోసారి నాలుగైదు గంటల ఏకధాటి నడక కూడా ఉండాలి.

ఒంట్లో బాగాలేకపోతే బయటపడే దారి హంప్తాలోనే దగ్గర. బాలూ కా ఘేరా నుంచి ఒక్కరోజులో జోబ్రాకి దిగిపోవచ్చు. పాస్ దాటినవాళ్లకు ఛత్రూలో రోడ్డు తగులుతుంది. 2020లో అటల్ సొరంగం తెరిచాక, రోహ్‌తాంగ్ కనుమ ఎక్కకుండానే మనాలి చేరొచ్చు. రూపిన్‌లో జాఖా దాటితే మళ్లీ సాంగ్లా వైపు దిగేదాకా ఊరన్నది లేదు. వానాకాలంలో రూపిన్ జోలికి వెళ్లొద్దు. మే చివర, జూన్, లేదంటే సెప్టెంబర్ చివర మంచిది.

నా ఓటు హంప్తాకే, ఒక షరతు మీద. మనాలిలో రెండు రాత్రులు పడుకుని, మధ్యలో ఒక పూట పైన సేథన్ ఊరి వైపు నడిచి రావాలి. అందుకు ఇంకో రెండు రోజుల సెలవు దొరకకపోతే ఆ ఏడాదికి ట్రెక్ వాయిదా వేసుకోండి. అలా కాకుండా చేతిలో పది పన్నెండు రోజులుండి, మోకాళ్లు గట్టివైతే, మంచు మీద నడక అంతకుముందు ఒక్కసారైనా రుచి చూసుంటే, నేరుగా రూపిన్‌కే వెళ్లొచ్చు.