మావాడి ఫోన్‌లో కాపలా యాప్: రెండేళ్లు వాడాక

మావాడు ఎనిమిదో తరగతిలో ఉండగా వాడి ఫోన్‌లో ఈ పేరెంటల్ కంట్రోల్ యాప్ పెట్టాను, ఇప్పుడు పదిలోకొచ్చాడు. ఆటకు రోజుకు గంట, రాత్రి పదింటికి లాక్, కొత్త యాప్ ఏదైనా నేను సరే అంటేనే. ఇవన్నీ చెప్పినట్టే చేస్తుంది. నా కోపం వేరే.

పెట్టిన రోజే వాడితో అన్నాను, "నువ్వేం చేసినా నాకు ఇక్కడ కనిపిస్తుందిరా" అని. అబద్ధం. నాకు కనిపించేది గేమ్ పేరు, దాని పక్కన 58 నిమిషాలు అన్న అంకె. ఆ 58 నిమిషాల్లో ఎవరితో ఏం మాట్లాడాడో ఒక్క ముక్క రాదు.

పోయిన వేసవి సెలవుల్లో గేమ్ చాట్‌లో ఒకడు తగులుకున్నాడు. డైమండ్లు (గేమ్‌లో డబ్బుల్లా వాడేవి) ఊరికే ఇప్పిస్తానని పాస్‌వర్డ్ అడిగితే మావాడు ఇచ్చేశాడు. అకౌంట్ వెనక్కి కావాలంటే రెండు వందలన్నాడు, తర్వాత మూడు వందలు, ఆపైన ఐదు వందలు. మావాడు వాళ్లమ్మ ఫోన్ నుంచి పంపుతూ పోయాడు. "మా నాన్న ఇట్లా యాప్ పెట్టాడు" అని మావాడు మాటల్లో నోరు జారాడట. అవతలివాడు దాన్నే పట్టుకున్నాడు: "ఈ చాటంతా మీ నాన్నకు పోతుంది, పోకుండా ఆపుతా, రెండు వేలు పంపు." మావాడు నమ్మాడు. నమ్మించింది నేనే కదా.

ఆ వారం రిపోర్టులో ఫోన్ వాడకం బాగా తగ్గింది. చూసి సంబరపడ్డాను కూడా.

పట్టుకున్నది మా అమ్మ. రెండు రోజులుగా సంగటి ముద్ద సగంలోనే వదిలేసి లేస్తున్నాడని పక్కన కూర్చోబెట్టుకుని, "ఏం నాయనా, ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగితే భోరుమన్నాడు. ఆ రాత్రే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్లోనూ ఫిర్యాదు పెట్టాం. పేమెంట్ల నంబర్లు, చాట్ స్క్రీన్‌షాట్లు కావాల్సొచ్చాయి. అంత భయపడినా వాడు చాట్ తుడిచేయలేదు, అదొక్కటి నయం. అప్పటికే పంపిన వెయ్యి రూపాయలు మాత్రం ఇంకా రాలేదు.

ఈ యాప్‌లో లొకేషన్ చూపించడం అద్భుతమని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అందరికీ చెప్పినవాణ్ణి నేనే. ఇక్కడ తిరుపతిలో, బైరాగిపట్టెడలో ట్యూషన్‌కి వెళ్లాడా లేదా తెలుస్తుంది, నిజమే. కానీ ఫోన్ ఆగిపోతే చివరిసారి ఉన్న చోటే చూపిస్తుంది. గరుడసేవ రోజు గంటన్నరపాటు లీలామహల్ సెంటర్లోనే ఉన్నట్టు చూపించింది. ఆ జనంలో ఏమైపోయాడోనని నాకు ఒకటే టెన్షన్. వాడేమో చార్జింగ్ అయిపోయిన ఫోన్ జేబులో వేసుకుని ఇంట్లో పెరుగన్నం తింటున్నాడు.

ఇప్పుడు గేమ్‌లో చాట్ ఆపేశాం. సెట్టింగ్ ఎక్కడుందో వాడే నాకు చూపించాడు. ఆ యాప్‌లో నాకు ఏమేం కనిపిస్తాయో, ఏమేం కనిపించవో నా ఫోన్ వాడి చేతికిచ్చి చూపించాను. రాత్రి లాక్ అలాగే ఉంచాను. నేను షాపు మూసి వచ్చేసరికి పది దాటుతుంది, మా ఆవిడకు వారం విడిచి వారం నైట్ డ్యూటీ. సాయంత్రాలు ఇంట్లో ఉండే వీలున్నవాళ్లకు ఈ యాప్ అవసరమా అంటే చెప్పలేను. నాకూ ఎనిమిదికల్లా షట్టర్ దించే వీలుంటే తీసేసేవాణ్ణేమో.