ఎలుకల బీపీ, హెచ్‌ఆర్‌వీ మెషీన్ కొనేవాళ్లు జాగ్రత్త, డెమో మీ ఎలుక మీదే చేయించుకోండి

ఫార్మకాలజీ ల్యాబ్‌ల వాళ్లు ఎవరైనా తోక కఫ్ బీపీ సిస్టమ్ (ఎలుక తోకకి పట్టీ చుట్టి బీపీ కొలిచేది) కొనబోతుంటే ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి. గొడవ ఇంకా నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయట్లేదు.

మాది గుంటూరు దగ్గర ఫార్మసీ కాలేజీ. హై బీపీ ఎలుకల్లో రక్తనాళాలు, అటానమిక్ నరాలు (గుండె, రక్తనాళాల్ని వాటంతటవే నడిపేవి) ఎలా దెబ్బతింటాయన్నది నా పీహెచ్‌డీ. మూడు కొటేషన్లు తీసుకుని తక్కువ రేటు వాళ్లకే ఇచ్చాం, 4 లక్షల 80 వేలు, బీపీతో పాటు హెచ్‌ఆర్‌వీ, అంటే ఒక గుండె బీట్‌కీ ఇంకో బీట్‌కీ మధ్య సమయంలో వచ్చే తేడాలు, చూడటానికి ఈసీజీ ఛానల్, సాఫ్ట్‌వేర్ కూడా. ఇన్‌స్టాలేషన్‌కి వచ్చినతను ముందే సేవ్ చేసి తెచ్చుకున్న రికార్డింగ్ చూపించాడు, గ్రాఫ్ చక్కగా ఉంది, అదే రోజు రిపోర్ట్ మీద సంతకం పెట్టేశాం. తప్పు అక్కడే జరిగింది.

భయానికే బీపీ పెరుగుతుంది కాబట్టి వారం రోజులు ఎలుకల్ని హోల్డర్‌కి (కదలకుండా ఉంచే గొట్టం) అలవాటు చేసి రీడింగ్స్ మొదలుపెట్టా. ఒకే ఎలుకకి ఒకసారి 96, రెండు నిమిషాలాగితే 164. గుండె వేగం 180 అంట, మెలకువగా ఉన్న ఎలుకకి నిమిషానికి 300 పైనే ఉంటుంది కదా, అంటే సగం బీట్లు మిస్సవుతున్నాయి. ఫోన్ చేస్తే "మీ హ్యాండ్లింగ్ ప్రాబ్లమ్ మేడమ్, ఎలుక కదులుతోంది" అన్నారు. సరే అని తోక బదులు కఫ్‌లో మార్కర్ పెన్ను పెట్టి స్టార్ట్ నొక్కా. 112 వచ్చింది. పెన్నుకి బీపీ 112! మర్నాడు ట్యూబ్‌కి T ఆకారపు జాయింట్ వేసి పాత పాదరసం బీపీ మిషన్ కలిపి చూస్తే పాదరసం 150 దగ్గరుంటే స్క్రీన్ మీద 131.

హీటర్ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. తోక వెచ్చబడితేనే లోపలి ధమని తెరుచుకుని పల్స్ దొరుకుతుంది, దానికోసం హీటర్ ఇస్తారు, కానీ మాకిచ్చినదానికి థర్మోస్టాట్ లేదు, ఆన్ ఆఫ్ స్విచ్ ఒక్కటే. విడిగా థర్మామీటర్ పెడితే 41 డిగ్రీలు. లోపలున్న ఎలుక గడ్డం కింద, ముందు కాళ్ల మీద బొచ్చంతా ఉమ్మితో తడిసి ముద్దయింది. మనలాగా వాటికి ఒళ్లంతా చెమట పట్టదు, వేడి తట్టుకోలేకపోతే ఉమ్మే పూసుకుంటాయి. వెంటనే తీసి గాలి తగిలేలా కేజ్‌లో పెట్టా, కోలుకుంది. ఎథిక్స్ కమిటీ ముందు ఒక్కో ఎలుకకి లెక్క చెప్పి తెచ్చుకుంటాం, వాటికి ఇలాంటి హింస పెట్టడానికి కాదు.

హెచ్‌ఆర్‌వీ అయితే అసలు పనికే రాదు. శాంప్లింగ్ 250 హెర్ట్జ్, అంటే 4 మిల్లీసెకన్లకి ఒక పాయింట్, ఎలుకలో బీట్‌కీ బీట్‌కీ వచ్చే తేడాయే కొన్ని మిల్లీసెకన్లు, కనీసం 1000 హెర్ట్జ్ ఉండాలి. పైగా ఆ తేడాల్ని లెక్కేసే ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు (పరిధులు) మనుషులవి, 0.15 నుంచి 0.4 హెర్ట్జ్, మార్చడానికి లేకుండా లాక్ చేశారు. ఎలుక నిమిషానికి 70 నుంచి 115 సార్లు ఊపిరి తీసుకుంటుంది, అంటే సెకనుకి ఒకటీ రెండూ మధ్య, గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం సంకేతం ఆ దగ్గర్లోనే ఉంటుంది, అందుకే ఎలుకలకి 0.75 నుంచి 2.5 దాకా చూస్తారు. నేను ఆరు నెలలు కూర్చుని లెక్కేసిన టేబుల్స్ అన్నీ పక్కన పడేశా.

అయోర్టా రింగ్స్ (గుండె నుంచి వచ్చే పెద్ద ధమనిని ఉంగరాల్లా కోసిన ముక్కలు) పని మాత్రం నిలబడింది. ఫినైలెఫ్రిన్ అనే మందుకి బిగుసుకున్న రింగ్ అసిటైల్‌కోలిన్ అనే ఇంకో మందు వేస్తే వదులైందా లేదా అని చూసేది పాత ఆర్గాన్ బాత్‌లోనే (ఆ ముక్కల్ని ద్రావణంలో బతికించి ఉంచే తొట్టి), లాగుడు బలం కొలిచే ట్రాన్స్‌డ్యూసర్‌కి 1 గ్రాము, 2 గ్రాముల తూకం రాళ్లు వేలాడదీసి రోజూ నేనే కాలిబ్రేట్ చేసుకుంటా.

కాబట్టి కొనేవాళ్లు పాదరసంతో పోల్చి చూపించమనండి, ఖాళీ కఫ్‌కి నంబర్ వస్తుందేమో చూడండి, శాంప్లింగ్ రేటు, బ్యాండ్లు మార్చుకునే వీలు, రా డేటా బయటికి తీసుకునే వీలు ఇవన్నీ కొటేషన్‌లోనే రాయించుకోండి, మీ ఎలుకతో కనీసం మూడు రోజులు నడిపి చూశాకే సంతకం, బ్యాలెన్స్ పేమెంట్ కూడా అప్పుడే. మేం మొత్తం ముందే కట్టేశాం, ఇప్పుడు సర్వీస్ నంబర్‌కి ఎన్నిసార్లు చేసినా ఎత్తట్లేదు.