డిస్టిలేషన్ యూనిట్టా, ఆర్‌ఓ-డీఐ సిస్టమా: ల్యాబ్ నీటికి ఏది మేలు?

రోజూ వాడకం ఉండి, ఫిల్టర్లు, కాట్రిడ్జ్‌లు సమయానికి మార్చే మనిషీ బడ్జెట్టూ ఉంటే ఆర్‌ఓ-డీఐ (రివర్స్ ఆస్మాసిస్ పొరతో వడకట్టి, మిగిలిన అయాన్లను రెసిన్‌తో తీసేసే సిస్టమ్) తీసుకోండి. సెలవులొస్తే వారాల తరబడి తాళం పడే బోధనా ల్యాబ్ అయితే డిస్టిలేషన్ యూనిట్టే మేలు. నా అభిప్రాయం ఇది. ఎవరైనా ముందుగా అడిగేది "ఏది ఎక్కువ శుద్ధమైన నీళ్లిస్తుంది" అని. కానీ ఆ యంత్రం పాడవుతున్నప్పుడు మనకు తెలుస్తుందా, తెలియదా అన్నది అంతకంటే ముఖ్యం.

ముందు, మీకు ఎలాంటి నీళ్లు కావాలో తేల్చుకోండి. ఐఎస్ఓ 3696 ప్రమాణం ల్యాబ్ నీటిని మూడు గ్రేడ్లుగా విడదీస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర వాహకత (నీటిలో మిగిలిన అయాన్లు ఎన్నో చెప్పే కొలత) గ్రేడ్ 3కి సెంటీమీటరుకు 5 మైక్రోసీమెన్లు, గ్రేడ్ 2కి 1, గ్రేడ్ 1కి 0.1 దాటకూడదు. టైట్రేషన్లకు, మామూలు రీఏజెంట్ల తయారీకి గ్రేడ్ 3 చాలు. ఒక్కసారి డిస్టిల్ చేసిన నీళ్లు అక్కడిదాకా సులువుగానే వస్తాయి. లోహాల పాళ్లు కొలిచే అటామిక్ అబ్జార్ప్షన్‌కు గ్రేడ్ 2, మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీకి గ్రేడ్ 1 కావాలి. రెండూ లేని ల్యాబ్‌కి 18.2 మెగాఓమ్ సెంటీమీటర్ల (ఇది వాహకతకు విలోమం, ఎంత ఎక్కువైతే నీరు అంత శుద్ధం) సిస్టమ్ అమ్మజూపితే, అంత శుద్ధి ఏ పనికో వాళ్లనే అడగండి. పైగా ఆ నీళ్లు గాలి తగలగానే కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటాయి. క్యాన్‌లో పట్టి రేపటికి దాచుకున్న నీళ్లలో ఆ 18.2 మిగలదు. డిస్టిల్డ్ వాటర్ పీహెచ్ 5.7 చూపిస్తోందని యూనిట్ పాడైందనుకునేవాళ్లు కూడా చాలామందే. అదీ కార్బన్ డయాక్సైడ్ పనే, యూనిట్‌కి ఏమీ కాలేదు.

డిస్టిలేషన్ యూనిట్‌కున్న పెద్ద లోపం ఖర్చు. లీటరు నీటిని గది వేడి నుంచి మరిగించి ఆవిరి చెయ్యడానికి సుమారు 0.7 యూనిట్ల కరెంటు తప్పదు. గంటకు 4 లీటర్లు ఇచ్చే యంత్రం దాదాపు 3 కిలోవాట్లు లాగుతుంది. ఆ ఆవిరిని మళ్లీ నీరు చెయ్యడానికి, లీటరుకు పది లీటర్ల పైనే చల్లటి నీళ్లు కండెన్సర్ గుండా పోవాలి. ఆ నీటిని ట్యాంకులోకి మళ్లించి వేరే పనులకు వాడుకునే ఏర్పాటు లేకపోతే అంతా డ్రైనేజీ పాలే. క్లోరోఫాం, అమ్మోనియా లాంటి తేలిగ్గా ఆవిరయ్యేవి నీటితోపాటే పైకెక్కి అవతలికి వచ్చేస్తాయి కూడా.

కానీ దాని జబ్బు కంటికి కనిపిస్తుంది. కఠిన జలమైతే హీటర్ మీద తెల్లగా గార కడుతుంది. గాజు యూనిట్ అయితే గది అవతలి నుంచే తెలుస్తుంది. స్విచ్ ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, సిట్రిక్ యాసిడ్ ద్రావణంలో నానబెట్టి కడిగితే పోతుంది. వేడిగా ఉన్న గాజులో చన్నీళ్లు పోస్తే మాత్రం పగులుతుంది. వచ్చిన నీటిలో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేసి చూడండి. తెల్లటి మసక వచ్చిందంటే క్లోరైడ్ దాటుతోందన్నమాట. రెండు నెలలు మూసి ఉంచినా, ఖాళీ చేసి ఆరబెట్టి ఉంచిన యూనిట్‌కి ఏమీ కాదు. తెరిచిన రోజు కడిగి, మొదట వచ్చిన నీళ్లు పారబోస్తే సరిపోతుంది.

ఆర్‌ఓ-డీఐ సంగతి వేరు. ఇక్కడ మెంబ్రేన్ అనే పలుచని పొర లవణాల్లో 95 నుంచి 99 శాతం ఆపుతుంది, మిగిలిన అయాన్లను రెసిన్ పట్టుకుంటుంది. కరెంటు ఖర్చు చాలా తక్కువ, కావలసినప్పుడు కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. శుద్ధమైన నీరు ఎంతొస్తుందో దాదాపు అంతో, అంతకంటే ఎక్కువో బయటికి వదిలేస్తుంది, అయినా డిస్టిలేషన్ కంటే నయమే. రోజుకు యాభై, వంద లీటర్లు కావాలంటే ఇక వేరే ఆలోచన అనవసరం.

అయితే, దాని ముందున్న మీటర్ చూసి ధైర్యపడటం నాకు ఎప్పుడూ భయమే. ఆ మీటర్ కొలిచేది అయాన్లని మాత్రమే. బ్యాక్టీరియాకు, చార్జ్ లేని కర్బన పదార్థాలకు అది గుడ్డిది. రెసిన్ మీద బ్యాక్టీరియా పొర కట్టినా తెరమీద 18.2 అలాగే ఉంటుంది. రెసిన్ అయిపోవచ్చినప్పుడు ముందుగా జారిపోయే వాటిలో సిలికా ఒకటి. అది బలహీనంగా అయనీకరణం చెందుతుంది కాబట్టి మీటర్ ముల్లు కదలకముందే నీళ్లలోకి వచ్చేస్తుంది. నీరు కదలకుండా నిలిచిపోయిన ప్రతిచోటా, అంటే ట్యాంకులో, పైపుల్లో, రెసిన్‌లో, సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకే సెలవుల తాళం దానికి పడదు. కణాలనో సూక్ష్మజీవులనో పెంచే కల్చర్ పనులున్నవాళ్లు 254 నానోమీటర్ల యూవీ దీపం, చివర అల్ట్రాఫిల్టర్ ఉన్న మోడల్ చూడాలి. కర్బన పదార్థాలు తగ్గాలంటే 185 నానోమీటర్ల దీపం కూడా కావాలి. మీటర్ ఏం చెప్పినా, అప్పుడప్పుడూ ఆ నీటిని కల్చర్ ప్లేట్ మీద వేసి, పెరిగిన బ్యాక్టీరియా కాలనీలు లెక్కపెట్టి చూసుకోవడం మానకండి.

మెంబ్రేన్‌కి శత్రువు క్లోరిన్. ముందున్న కార్బన్ ఫిల్టర్ అయిపోతే క్లోరిన్ దాటి వచ్చి పాలిఅమైడ్ పొరను తినేస్తుంది, అది మళ్లీ బాగుపడదు. కొన్ని నెలలకోసారి మార్చాల్సిన చవక ఫిల్టర్‌ని వాయిదా వేసి ఖరీదైన మెంబ్రేన్ పోగొట్టుకోవడం చూస్తే బాధేస్తుంది. కార్బన్ తర్వాతి నీళ్లలో క్లోరిన్ పరీక్ష చెయ్యడానికి రెండు నిమిషాలు పట్టదు. ఇక కొనేముందు యంత్రం ధరొక్కటే కాకుండా ఐదేళ్ల కాట్రిడ్జ్‌ల ఖర్చు కాగితం మీద రాయించుకోండి. చాలా కంపెనీల యంత్రాలకు వాళ్ల కాట్రిడ్జ్ తప్ప ఇంకోటి సరిపోదు.

బిగింపు దగ్గర రెండిటికీ జాగ్రత్తలున్నాయి. డిస్టిలేషన్ యూనిట్‌కి విడిగా కరెంటు లైను, మంచి ఎర్తింగ్, నీళ్లు తగ్గగానే హీటర్ ఆగిపోయే కటాఫ్ ఉండాలి. ఈ చివరిది లేని మోడల్‌ని ఎంత చవకైనా వద్దంటాను. అమ్మోనియా, హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసాలు తెరిచే గదిలో దాన్ని పెట్టొద్దు, చల్లారే నీరు ఆ ఆవిర్లను పీల్చుకుంటుంది. ఆర్‌ఓకి వచ్చే నీటి టీడీఎస్ (కరిగి ఉన్న ఘన పదార్థాల మొత్తం), కాఠిన్యం, క్లోరిన్, పీడనం ముందే కొలిపించి ఆ రిపోర్టు అమ్మేవాళ్లకివ్వండి. కఠిన జలమైతే ముందు కాఠిన్యం తగ్గించే సాఫ్టెనర్ తప్పదు. వదిలేసే నీటి పైపు డ్రైనేజీలో మునగకూడదు, మధ్యలో గాలి ఖాళీ ఉండాలి. ట్యాంకు గాలి పీల్చే దారిలోనూ ఫిల్టర్ ఉండాలి.

రెండూ కలిపి వాడే దారి కూడా ఉంది. ఆర్‌ఓ నీళ్లు డిస్టిలేషన్ యూనిట్‌కి పెడితే గార బాధ దాదాపు పోతుంది, వచ్చే నీటి నాణ్యతా పెరుగుతుంది. ఐఎస్ఓ 3696 కూడా గ్రేడ్ 2 నీటికి ఇలాంటి పద్ధతిని ఒప్పుకుంటుంది. ఒక్కటి చూసుకోవాలి. కొన్ని యూనిట్లలో నీటిమట్టం కనిపెట్టే ఎలక్ట్రోడ్లు నీటి వాహకత మీదే ఆధారపడతాయి. మరీ శుద్ధమైన నీళ్లు పోస్తే అవి "నీళ్లు లేవు" అనుకుని హీటర్‌ని ఆన్ కానివ్వవు. కాబట్టి ఫ్లోట్‌తో పనిచేసే మోడల్ అడిగి తీసుకోండి.