జిరోలో మధ్యాహ్నం పాటలు

నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఉంది. వానలో తడిసి ఆరింది కాబట్టి అప్పడంలా ఉబ్బి ఉంటుంది. దాని మీద పదకొండు పేర్లు, అన్నీ తెలుగు అక్షరాల్లోనే. కొన్నింటి పక్కన ప్రశ్నార్థకాలు, ఒకదాని పక్కన "బూట్లు లేని అబ్బాయి", ఇంకోదాని పక్కన "మౌత్ ఆర్గాన్, మూడో పాట". జిరో వెళ్లి తెచ్చుకున్నది ఏంటని ఎవరైనా అడిగితే ఈ పేజీయే చూపిస్తాను.

"జిరోకి వెళ్తున్నా" అని చెప్పినప్పుడు ఆఫీసులో "అక్కణ్నుంచే కదా అందరం మొదలుపెట్టింది, మళ్లీ వెళ్లడం దేనికి" అని జోకులేశారు. అరుణాచల్ ప్రదేశ్‌లో లోయర్ సుబన్‌సిరి జిల్లా కేంద్రం జిరో. 1500 మీటర్ల పైన, చుట్టూ పైన్ చెట్ల కొండలు, మధ్యలో పళ్లెంలాంటి లోయ. లోయంతా వరి. అపతానీ తెగవాళ్ల ఊళ్లు అవి. వరి మళ్లలోనే చేపలు కూడా పెంచుతారు, గట్ల మీద చిరుధాన్యాలు వేస్తారు. ఇక్కడే సెప్టెంబర్ చివర్లో నాలుగు రోజుల సంగీతోత్సవం జరుగుతుంది. 2012లో మొదలైంది. పెద్ద మ్యూజిక్ కంపెనీల జోలికి పోకుండా సొంతంగా పాటలు చేసుకునే వాళ్లకి, జానపదాన్ని గిటార్‌తో కలిపే వాళ్లకి ఇది పెద్ద వేదిక.

నేను వెళ్లడానికి కారణం ఒక యాప్ మీద విసుగు. సోమవారం సోమవారం అది నాకోసం ముప్పై పాటలు ఏరి పెడుతుంది. అందులో ఇరవై ఎనిమిది పోయిన వారం పాటలకి చెల్లెళ్లలా ఉంటాయి. మెత్తటి గిటారు, చెవిలో గుసగుసలాడినట్టు గొంతు, వెనక కాస్త వాన చప్పుడు. నాకు నచ్చేదే పెడుతోంది, కాదనను. కానీ నచ్చుతుందని ముందే తెలిసిన పాట కొత్తపాట ఎలా అవుతుంది?

మా తమ్ముడి లెక్క వేరు. రాత్రిపూట వచ్చే పేరున్న బ్యాండ్ల కోసం వచ్చాడు వాడు. "పేరు కూడా తెలియని వాళ్లని వినడానికి ఇంత దూరమా అక్కా?" అని గువాహటి ఫ్లైట్‌లోనే మొదలుపెట్టాడు.

దూరం నిజమే. హైదరాబాద్ నుంచి గువాహటి, అక్కడ రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి నాహర్లగున్, అక్కణ్నుంచి షేర్ సుమోలో వంద కిలోమీటర్ల పైచిలుకు ఘాట్ రోడ్డు. ఇటానగర్ దగ్గర హోలోంగిలో 2022 నవంబర్ నుంచి ఎయిర్‌పోర్టు కూడా ఉంది. టైం తక్కువున్నవాళ్లు అది చూసుకోవచ్చు. బయటి రాష్ట్రాల వాళ్లు అరుణాచల్‌లోకి వెళ్లాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ అనే అనుమతి పత్రం తప్పనిసరి. ఆన్‌లైన్‌లోనే అప్లై చేశాం, ఇబ్బంది రాలేదు. ప్రింట్ కాపీలు మాత్రం రెండు మూడు పెట్టుకోండి, ఫోన్‌లో చూపిద్దాంలే అనుకుంటే సరిగ్గా అప్పుడే ఛార్జింగ్ అయిపోతుంది. సుమోలో వెనక సీటు ఇస్తామంటే వద్దనండి. ఇంకో బండి కోసం గంట ఆగినా సరే. మా తమ్ముడు ఆ వెనక సీటులో గడిపిన నాలుగున్నర గంటల గురించి ఇక్కడ రాయను.

ఇక బస. మొదటి రెండు రాత్రులు టెంట్‌లో, తర్వాత రెండు రాత్రులు హోమ్‌స్టేలో ఉన్నాం. కావాలని చేసిన ప్లాన్ కాదు. టెంట్ నాలుగు రాత్రులకీ బుక్ చేశాం. ఫొటోలో చదునైన పచ్చిక, లోపల పరుపు, బయట వేలాడే దీపాలు. వెళ్లి చూస్తే మా టెంట్ వాలు మీద ఉంది. రాత్రి పడుకున్నవాళ్లం తెల్లారేసరికి ఇద్దరం కాళ్ల వైపుకి జారి ముద్దయిపోయి ఉన్నాం. రెండో రాత్రి వానకి అడుగు నుంచి నీళ్లొచ్చాయి. నా నోట్‌బుక్ తడిసింది అప్పుడే. బుకింగ్ తీసుకున్నతనికి ఫోన్ చేస్తే "వాన మా చేతిలో లేదు కదా మేడమ్" అన్నాడు. వాలు ఎవరి చేతిలో ఉందో అడగాలనిపించింది. సగం డబ్బు వెనక్కి ఇవ్వడానికి మూడు వారాలు తిప్పించాడు.

టెంట్‌కి ఒక మంచి గుణం ఉంది, అదీ చెప్పాలి. స్టేజీకి నాలుగడుగుల దూరం. రాత్రి ప్రోగ్రాం అయ్యాక పక్క టెంట్లవాళ్లు గిటార్లు తీస్తారు, పొద్దున ఎవరితో టీ తాగుతున్నామో అతనే మధ్యాహ్నం పాడబోయేవాడై ఉంటాడు. చిక్కల్లా నిద్రతోనే. ఆ గిటార్లూ పాటలూ అన్నీ అయి కన్ను మూతపడేసరికి నాలుగవుతుంది. ఈశాన్యంలో తెల్లవారడం తొందర కాబట్టి ఐదింటికల్లా టెంట్ లోపల వెలుగు. ఇలా రెండు రోజులు గడిస్తే మూడో రోజు మధ్యాహ్నం స్టేజీ ముందు కూర్చుని గుర్రు పెట్టడం ఖాయం.

అది మాత్రం చేయకండి, ఎందుకంటే ఇక్కడ అసలు సరుకు మధ్యాహ్నమే. ఇక్కడ పగటి స్టేజీ పేరు డాన్యి, రాత్రి స్టేజీ పేరు పిలో. అపతానీలు కొలిచే సూర్యచంద్రుల పేర్లవి. రెండూ స్థానికులు వెదురుతో కట్టినవే. రాత్రి స్టేజీ గురించి ఎక్కువ చెప్పను. బాగుంటుంది, లైట్లు బాగుంటాయి, సౌండ్ బాగుంటుంది, మా తమ్ముడు గంతులేశాడు. ఆ బ్యాండ్లని మన హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూడా ఎప్పుడో ఒకప్పుడు చూడొచ్చు.

మూడో రోజు రెండున్నరకి డాన్యి ముందు గడ్డిలో నూటయాభై మంది ఉంటామేమో. సగం మంది టోపీలు మొహాల మీద వేసుకుని పడుకున్నారు. ఒక అమ్మాయి వచ్చింది, ఇరవై రెండు ఇరవై మూడేళ్లుంటాయి. పక్కన వెదురు పిల్లనగ్రోవితో ఒక పెద్దాయన. మొదటి పాట ఇంగ్లీషులో, పర్వాలేదు, యాప్ పెట్టే పాటల్లాంటిదే. రెండో పాట సగంలో గిటార్ తీగ టప్పున తెగింది. ఇంకో గిటార్ కోసం ఎవరో పరిగెత్తారు. ఆ అమ్మాయి ఖాళీగా నిలబడలేక మైక్ దగ్గరకొచ్చి, వట్టి గొంతుతో ఏదో ఎత్తుకుంది. నాలుగు చరణాలు, మధ్యలో నాలుకతో "టొక్ టొక్" అని చప్పుడు, పెద్దాయన తాళం కూడా వేయకుండా కళ్లు మూసుకుని విన్నాడు. టోపీలు ఒక్కొక్కటే మొహాల మీంచి లేచాయి.

పాటని గుర్తుపట్టే యాప్ తీశాను. సిగ్నల్ లేదు. ఉన్నా దండగే, రికార్డయిన పాటనే అది పట్టుకోగలదు. పక్కన కూర్చున్న ఇటానగర్ కుర్రాడిని ఇది ఏ భాష అని హిందీలో అడిగాను. "గాలో అనుకుంటా" అన్నాడు. అర్థమేంటంటే నవ్వి, "నాకూ తెలీదు, మాది నిషి" అన్నాడు. ఒక్క రాష్ట్రంలోనే ఇన్ని భాషలుంటే, పాట అర్థం కానివాళ్లలో నేనొక్కదాన్నే కాదని తెలిసి కాస్త ధైర్యమొచ్చింది. అనౌన్సర్ చెప్పిన పేరు చెవికి ఎలా వినబడిందో అలా తెలుగులో రాసుకున్నాను. తమ్ముడు మాత్రం ఏ మూడ్‌లో ఉన్నాడో, ఆ వట్టి గొంతు పాటని ఫోన్‌లో రికార్డ్ చేశాడు.

టెంట్ తడిశాక మేం మారిన హోమ్‌స్టే పక్క ఊళ్లో. వెదురు నేల, మధ్యలో పొయ్యి, దాని పైన అటక మీద పొగకి ఎండుతున్న మాంసం. బాత్రూమ్ బయట, వేడినీళ్లు బకెట్ చొప్పున. అన్నం, ఆకుకూర, వెదురు చిగుళ్లు, నూనె దాదాపు ఉండదు. తాప్యో అని మొక్కల బూడిద నుంచి తీసే నల్ల ఉప్పు ఒకటి రుచి చూపించారు. నాకు బాగా నచ్చింది. తమ్ముడు తెచ్చుకున్న కందిపొడి మీదే బతికాడు. రాత్రి తిరిగి రావడానికి బండి దొరకదు, ముందే మాట్లాడుకోకపోతే చీకట్లో నడకే. ఐదింటికే పొద్దుపోతుంది, టార్చి ఉండాలి, దగ్గర్లోని పట్టణం హపోలీ బజారులో గమ్‌బూట్లు కొనుక్కోవాలి. ఏటీఎం కూడా హపోలీలోనే, పండగ రోజుల్లో క్యూ ఉంటుంది, డబ్బు ముందే చేతిలో పెట్టుకోండి. ఇంకో మాట. ముక్కుకి రెండు వైపులా నల్లటి బిళ్లలు, మొహం మీద పచ్చబొట్లతో పెద్దవయసు అవ్వలు ఇంటిముందు కూర్చుని కనిపిస్తారు. 1970ల నుంచి ఆ ఆచారం ఆగిపోయింది, ఇక మిగిలింది ఈ తరమే. అడక్కుండా ఫోన్ మొహం మీద పెట్టేవాళ్లని రోజుకి పదిమందిని చూశాను. మన ఇంటి అరుగు మీద మన నానమ్మని అలా తీస్తే ఊరుకుంటామా?

హోమ్‌స్టే అసలు లాభం మాత్రం ఆ ఇంటి అమ్మాయి. కాలేజీలో చదువుతోంది. రాత్రి పొయ్యి దగ్గర నా నోట్‌బుక్ చూసి ఇవేం అక్షరాలని అడిగింది. ఒక్కో పేరూ చదివి వినిపించాను. మొదటి పేరుకే పొట్ట పట్టుకుని నవ్వింది, అది మనిషి పేరు కాదట, "తర్వాత పాడబోయేది" అని అనౌన్సర్ అన్న మాటట. మిగిలిన పదింట్లో ఎనిమిదింటిని గుర్తుపట్టి, పక్కనే ఇంగ్లీషు స్పెల్లింగ్ రాసిపెట్టింది. "ఇతను మా సీనియర్", "వీళ్లు ఇన్‌స్టాలో ఉన్నారు, ఇంకెక్కడా లేరు" అని చెబుతూ పోయింది. ఇంతకన్నా మంచి రికమెండేషన్ ఇచ్చే యాప్ నేను చూడలేదు. వెళ్లే ముందు వినడానికి నిషిలోనూ హిందీ ఇంగ్లీషుల్లోనూ పాడే తాబా చాకే, నాగాలాండ్ జానపదాలు పాడే తెత్సేవ్ సిస్టర్స్, తాంగ్‌ఖుల్ నాగాల పాటల్ని బ్లూస్‌తో కలిపి 2021లో పద్మశ్రీ అందుకున్న మణిపూర్ ర్యూబెన్ మషాంగ్వా సరిపోతారు. తర్వాతి పేర్లకి మాత్రం అక్కడి మనుషులే దిక్కు.

ఇంటికొచ్చాక వెతుకులాట. ఎనిమిది మందిలో ఐదుగురు స్పాటిఫైలో ఉన్నారు. ఒకరి పాట కింద ప్లేలు వెయ్యి లోపే ఉన్నాయి. 2024 నుంచి అక్కడ ఏడాదిలో వెయ్యి ప్లేలు దాటని పాటకి రికార్డింగ్ రాయల్టీ రాదు, అంటే నేను రోజూ విన్నా ఆ కుర్రాడికి చాలాకాలం పైసా చేరదు. ఇద్దరు బ్యాండ్‌క్యాంప్‌లో దొరికారు, పాడేవాళ్ల దగ్గరే నేరుగా పాటలు కొనుక్కునే సైటు అది. అక్కడ డిజిటల్ కొనుగోలులో సైటు మామూలుగా 15 శాతం తీసుకుంటుంది, బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని కొన్ని శుక్రవారాలు ఆ వాటా కూడా వదిలేస్తుంది. నేను అలాంటి రోజు చూసి కొన్నాను. మన కార్డుల్లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు ఆన్ చేసుకోవాలి, అది మర్చిపోయి మూడుసార్లు ఫెయిలయ్యాక గానీ నాకు వెలగలేదు. వెతకడానికి యూట్యూబ్ మేలు, స్పెల్లింగ్ తప్పైనా ఏదోటి చూపిస్తుంది.

గాలో పాట అమ్మాయి ఎక్కడా దొరకలేదు. ఇన్‌స్టాలో కొండల ఫొటోలు నాలుగున్నాయంతే. కొత్త పాటలు వచ్చేది శుక్రవారాలు కాబట్టి ప్రతి శుక్రవారం పొద్దున్నే ఒకసారి వెతకడం అలవాటైంది. ఏడు నెలలకి వచ్చింది. అదే పాట. శుభ్రంగా ఉంది, వెనక గిటార్, మెత్తటి కీబోర్డ్, చివర్లో వాన చప్పుడు. తమ్ముడికి పంపాను.

పావుగంటకి జవాబుగా వాడి ఫోన్‌లో రికార్డ్ చేసింది పంపాడు. మొదట్లో ఎవరో దగ్గుతారు, మధ్యలో "గిటార్ దొరికిందా" అని ఎవరో హిందీలో అరుస్తారు, తర్వాత ఆ టొక్ టొక్. "నువ్వు పంపినదాంట్లో అది లేదక్కా" అని రాశాడు.