కాలనీలో అడ్డదారి ట్రాఫిక్: స్పీడ్ బ్రేకరా, గేటా, నడుమ స్తంభాలా?

మాదాపూర్ చుట్టుపక్కల కాలనీల్లో ఆఫీసు టైము అయిందంటే ఇళ్ల ముందు కార్ల బారు. సిగ్నల్ తప్పించుకోవాలని దూరేవే ఎక్కువ. సంఘం మీటింగులో ముందుగా వినపడే మాట "స్పీడ్ బ్రేకర్ వేయిద్దాం". దాంతో వేగం తగ్గుతుంది, బండ్లు తగ్గవు. మెయిన్ రోడ్డు మీద పది నిమిషాలు మిగులుతాయంటే రెండు బ్రేకర్లు ఎక్కి దిగడానికి ఎవరూ వెనకాడరు.

వేగమే అసలు బాధైతే బ్రేకరే మేలు, అదీ కొలత ప్రకారం వేస్తేనే. రోడ్ల ప్రమాణాలు ఖరారు చేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో చెప్పిన లెక్క: 10 సెం.మీ. ఎత్తు, బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల పొడవు, గుండ్రటి వంపు. దాన్ని గంటకు 25 కి.మీ. వేగంతో పెద్ద కుదుపు లేకుండా దాటొచ్చు. మన వీధుల్లో వేసేది అడుగు వెడల్పు సిమెంటు గట్టు. కారు అడుగుభాగం గీసుకుంటుంది, బ్రేకుల మోత పక్కింటివాళ్లకు నిద్ర లేకుండా చేస్తుంది. కాలువ దాకా పోస్తే వాననీళ్లు నిలుస్తాయి. అంచున కాస్త వదలాలి.

రాత్రి మూసే గేటు ఈ ట్రాఫిక్‌కు పనికిరాదు. పగలు మూస్తే, పబ్లిక్ రోడ్డు కాబట్టి ఫిర్యాదు పడగానే తీయాల్సి వస్తుంది. వన్‌వే ఖర్చు తక్కువే కానీ, ఎదురుబండి లేదని వేగం పెరుగుతుంది. పైగా పోలీసు లేనప్పుడు రాంగ్ రూట్ తప్పదు.

బండ్లే తగ్గాలంటే మా ఓటు వీధి నడుమ రోడ్డుకు అడ్డంగా పాతే ఇనుప స్తంభాలకు. రెండు కొసల నుంచీ ఇళ్లకు వెళ్లొచ్చు, ఈ కొస నుంచి ఆ కొసకు పోవడమే కుదరదు. స్తంభాల మధ్య ఖాళీ 1.2 మీటర్లు ఉంటే కారు పట్టదు, ఆటో కూడా కష్టమే; వీల్‌చైర్ హాయిగా వెళ్తుంది. బైకులు మాత్రం ఆగవు, ఆ సంగతి సభ్యులకు ముందే చెప్పాలి. చెత్త బండి, నీళ్ల ట్యాంకరు తిరగడానికి అటూ ఇటూ చోటుందా అన్నది చూడకపోతే మొదటి వారంలోనే గొడవ.

ఏది వేయాలన్నా ముందు ఒక ఉదయం 8 నుంచి 10 దాకా రెండు కొసల్లో నంబరు ప్లేట్ల చివరి నాలుగంకెలు, టైము రాయించండి. మూడు నిమిషాల్లో అవతల తేలిన బండి అడ్డదారిదే. ఆ కాగితంతోనే కార్పొరేషన్ ఇంజినీర్లనూ ట్రాఫిక్ పోలీసులనూ కలవండి. అనుమతి వచ్చాక ముందు ప్లాస్టిక్ స్తంభాలతో నెల రోజులు చూసి, పక్క వీధి మీద బరువు పడలేదని తేలితేనే ఇనుము దింపండి. నడిమి స్తంభాలు తాళంతో ఊడేవి కావాలి, తీస్తే ఫైరింజన్‌కు 3.5 మీటర్లు దొరకాలి. తాళంచెవి ఒక్క వాచ్‌మన్ దగ్గరే ఉంచకండి. ఒకటి ఫైర్ స్టేషన్‌కూ ఇవ్వండి.